మాణిక్యాంబగారు మింగించిన మాత్రలు

మాణిక్యాంబ కడుపుతో ఉన్న కోడలికి వేడి మాత్రలు మింగించి, మనవణ్ణి తన చేతులతోనే చంపుకుందని మా ఊళ్ళో చెప్పుకుంటారు. కాలువ రేవులో బిందెలు ముంచుకుంటూ చెప్పుకుంటారు, ఆత్రేయపురం వెళ్ళే బస్సులో చెప్పుకుంటారు. ఆవిడ ఎదురైతే మాట మార్చి వానల గురించి అడుగుతారు.

మాదీ వాళ్ళదీ పక్కపక్క ఇళ్ళు. మధ్యన తాటాకు దడి ఒక్కటే. ఎనిమిదో తరగతితో బడి మానేశాక నేను పగలంతా ఇంట్లోనే ఉండేదాన్ని కాబట్టి జరిగింది చూశాను.

ఆవిడ కొడుకు అబ్బులు పోలవరం ఎగువ అడవిలో వెదురు కొట్టించే కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. భార్య సత్యలక్ష్మి అతనితోనే ఉండేది. డెబ్బై ఎనిమిదిలో వానలు వెనకబట్టాక, ఆరో నెల కడుపుతో ఉన్న ఆమెను ఇంట్లో దించి వెళ్ళాడు. పుట్టింట్లో తల్లి లేదు. అందుకని తొలి కాన్పయినా అత్తగారింట్లోనే అనుకున్నారు.

వచ్చిన మూడో రోజే చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు, సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చేది. రెండు దుప్పట్లు, వాటి మీద గోనెసంచులు కప్పినా మంచం కోళ్ళు టకటకలాడేవి.

“ఉయ్యాల కొనక్కర్లేదత్తా, మంచమే ఊగుతుంది,” అంది ఒకరోజు పళ్ళు కొట్టుకుంటూనే.

మాణిక్యాంబగారు నవ్వలేదు. కోడలి మీద అడ్డంగా పడుకుని పట్టుకున్నారు. చెమటలు పట్టేదాకా లేవలేదు.

నెల తిరిగేసరికి సత్యలక్ష్మి అరచేతులు పిండి రాసినట్టు తెల్లబడ్డాయి. నూతి దాకా నడవాలంటే మధ్యలో దడి పట్టుకుని ఆగేది.

అప్పుడు మలేరియా ఆఫీసు ఆశీర్వాదం సైకిలు మీద వచ్చి, వేలు పొడిచి రక్తపు చుక్క గాజుపలక మీద తీసుకున్నాడు. నాలుగు మాత్రలు పొట్లం కట్టిచ్చాడు. పురుళ్ళు పోసే బుల్లెమ్మ అక్కడే ఉంది.

“అవి నిప్పులే మాణిక్యం! కడుపు జారిపోద్ది. నీళ్ళాడి బిడ్డ బయటపడ్డాక జ్వరం దానంతటదే పోద్ది. రక్ష కట్టించు.”

“అందాకా ఉంటదా ఈ పిల్ల?” అని మాణిక్యాంబగారు ఆశీర్వాదం వైపు తిరిగారు. “మీరు చెప్పండి బాబూ. ఇవి మింగితే బిడ్డ పోతాడా?”

“మాత్రకి పోడండి, జ్వరానికి పోతాడు. ఇప్పటికే ఆలస్యమైందండి. ఇద్దరూ దక్కుతారని నేను మాటివ్వలేను.”

“రేపు నీ కొడుక్కి ఏం చెప్తావే?” అంది బుల్లెమ్మ.

“పిల్ల నా ఇంట్లో వణుకుతుంటే, వాడికేం చెప్పాలా అని ఆలోచిస్తా కూర్చోనా?”

పొట్లం మీద రాసింది నాచేత చదివించారు. అన్నం తిన్నాక నాలుగూ ఒకేసారి. సత్యలక్ష్మి మింగింది మింగినట్టే కక్కేసింది. ఆవిడ నాలుగు మైళ్ళు నడిచి ఆస్పత్రి నుంచి మళ్ళీ నాలుగు తెచ్చారు. ఈసారి కోడలి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకు కూర్చున్నారు.

తరవాత జ్వరం రాలేదు. కానీ పన్నెండో రోజున నొప్పులొచ్చాయి. ఎనిమిదో నెల. పిల్లాడు బుల్లెమ్మ రెండు అరచేతుల్లో ఇమిడిపోయాడు. వాడి ఏడుపు దడి ఇవతలికి వినపడలేదు. రొమ్ము పట్టలేకపోతే దూదితో పాలు పిండారు. నాలుగో రోజు పొద్దున్నే పోయాడు.

కాన్పులో బిడ్డ వెనకాల మాయ నల్లగా పడిందట. “మాడిపోయిందే! మాత్రల వేడికి మాడిపోయింది!” అని బుల్లెమ్మ పురిటింట్లోంచి బయటికి వస్తూనే అంది. సాయంత్రానికి ఆ మాట రేవు చేరింది.

ఆశీర్వాదం ఆస్పత్రిలో డాక్టరమ్మగారిని అడిగి వచ్చి చెప్పాడు. కడుపుతో ఉన్నప్పుడు ఆ జ్వరం ముదిరితే మాయ అలాగే నల్లబడుతుందట, బిడ్డకు తిండి అందదట. మాణిక్యాంబగారు విని తలూపారు. ఎవరికీ చెప్పుకోలేదు.

ఇది జరిగి మూడేళ్ళు. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ కథను పిల్లాడి దగ్గరే ఆపేస్తారు.

సత్యలక్ష్మి బతికే ఉంది. ఇవాళ పొద్దున్న మా ఇంటికొచ్చి, పాలు తోడేసుకోవడానికి కాస్త మజ్జిగ పట్టుకెళ్ళింది.