మా గల్లీ ఆడవాళ్లమంతా పేషెంట్లమే

లెక్కలకు భయపడి ఏడో తరగతిలోనే బడి మానేశాను. అవి ఊరుకున్నాయా? కొలతల టేపుగా మారి నా మెడకే చుట్టుకున్నాయి. లాల్‌దర్వాజాలో జాకెట్లు కుడతాను. నెలకోసారి ఆరోగ్య కార్యకర్త ఆశా అక్క నా ముందుగదిలోనే ఆడపిల్లలను కూర్చోబెట్టి నెలసరి గురించీ, ఒంటి సంగతుల గురించీ చెబుతుంది. ఆ మాటల కోసమని రమ్మంటే తల్లులు పంపరు. జాకెట్ కొలతలకని అంటే వాళ్లే తోసి పంపిస్తారు.

ఒకసారి మాటలైపోయి అందరూ లేచినా ఇంటర్ చదివే పక్కింటి పిల్ల లేవలేదు. నెలసరి మొదలై వారాలు దాటినా ఆగడం లేదట. ముఖం తెల్లగా పాలిపోయింది. ఆశా అక్క వెంటనే వాళ్లమ్మను పిలిపించి సర్కారు దవాఖానలో కాన్పుల డాక్టరమ్మకు చూపించమంది.

"పెండ్లి కాని పిల్లను గామె కాడికి తోల్కపోతే గల్లీల ఏమనుకుంటరక్కా? రేపు సంబంధాలొస్తయా?" అని తల్లి ఏడుపందుకుంది.

ఆమె భయమంతా గల్లీ గురించే. గల్లీ అంటే ఎవరు? మేమే కదా!

"అయితే అందరం పోదాం," అన్నాను. "గింతమందిల బీమారి ఎవలకో ఎవనికెరుక?"

మర్నాడు పొద్దున్నే ఆటోల్లో ఇరుక్కుని, పెళ్లికి పోతున్నట్టు సర్కారు దవాఖానకు బయలుదేరాం. మనవలున్న కిరాణా దుకాణం పెద్దమ్మ కూడా పట్టుచీర కట్టుకుని ఎక్కింది.

"పేషెంట్ ఎవరమ్మా?" అంది నర్సు.

"నేనే," అన్నాం అందరం.

నర్సు పెద్దమ్మను ఎగాదిగా చూసింది. "నీకు గూడ నెలసరి బాధేనా అవ్వా?"

"ఏం బిడ్డా, నాకు ఉండొద్దా?"

నవ్వాపుకోలేక నర్సు మమ్మల్నందరినీ లోపలికి పంపింది. పిల్లకు రక్తం బాగా తగ్గిందనీ, మందులు వాడితే నయమవుతుందనీ డాక్టరమ్మ చెప్పింది.

తిరిగొచ్చేసరికి గల్లీ మొదట్లో ఇస్త్రీ చేసే ఆయన ఎదురయ్యాడు. "ఏందక్కా, అందరు గల్సి ఏడికి పోయిండ్రు?"

చీరలు చూడ్డానికి పోయామని చెప్పడానికి నేను నోరు తెరిచాను. అంతలోనే పిల్ల తల్లి అందుకుంది.

"మా బిడ్డకు నెలసరి ఆగుతలేదన్నా. డాక్టరమ్మకు చూపిచ్చినం. మందులిచ్చింది."

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

"మా పిల్ల గూడ నెలనెలా కడుపునొప్పితోని మెలికలు తిరుగుతది చెల్లె. గామె ఎప్పుడుంటది?"

"పొద్దుగాల్నే పోవాలె," అంది ఆ తల్లి. "మీ ఇంటామెను తయారుండుమను. నేను తోడొస్త."