ఆ గురువారం ఆంటీకి చెప్పని మాట

మంగళవారం పొద్దున పాపను బడి దగ్గర దింపి కారెక్కుతుంటే ఆంటీ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయింది అక్కా, దిస్ మార్నింగ్. నిద్రలోనే," అంది. నేనేమన్నానో గుర్తులేదు. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే ఊపిరి బిగపట్టి ఉన్నాను. అలా బిగపడతానని నాకు తెలిసేలా చేసింది ఆ పోయిన మనిషే.

ఇంగ్లండ్‌లో మా ఊరు నార్తాంప్టన్‌లో ఉండే తెలుగువాళ్ళలో ఆమె కొద్దిమందికే తెలుసు. అనంతపురం దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి, డాక్టరైన భర్త వెంట ఈ దేశం వచ్చారు. పిల్లలు పెద్దయ్యాక, యాభై దాటిన వయసులో, మనిషి తన కదలికలను గమనిస్తూ తనను తాను తెలుసుకునే విద్య ఒకటి ఇక్కడే నేర్చుకున్నారు. ప్రతి గురువారం సాయంత్రం కమ్యూనిటీ సెంటర్లో ఒక గది తీసుకుని పదిపన్నెండు మందికి నేర్పేవారు. యోగానా అని అడిగితే, "యోగా గాదు, డ్రిల్లూ గాదు. నువ్వెట్ల కదులుతాండావో నువ్వు చూసుకునేది, అంతే," అనేవారు.

నేను వెళ్ళింది మెడనొప్పితో. ఐటీ ఉద్యోగం, రోజంతా ల్యాప్‌టాప్ ముందే, మా జీపీ డాక్టరు ఇచ్చిన మాత్రలతో తగ్గలేదు. మొదటిరోజు నన్ను దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, "ఏది నేలకు ఆనింది, ఏది ఆనలేదు, చూడు," అన్నారు. కుడి భుజం ఆనలేదు. బలవంతాన కిందికి నొక్కాను.

"నొక్కొద్దమ్మా. బాగా చెయ్యల్లని చూడొద్దు. ఏం జేస్తాండావో చూడు."

ఆమె ఏదీ చేసి చూపించేవారు కాదు. మోకాలు వంచమనో, తల మెల్లగా పక్కకు తిప్పమనో నోటితో చెబుతూ మా మధ్య నడిచేవారు. మొదట్లో నాకది చిరాకుగా ఉండేది. ఒకసారి అడిగేశాను. "నన్ను జూసి చేస్తే నా ఒళ్ళు నేర్చుకుంటావు. నీదెప్పుడు నేర్చుకుంటావు?" అన్నారు. క్లీనర్ ఉన్నా సరే, క్లాసుకు ముందు గది తానే ఊడ్చేవారు. మనుషులు చెంప ఆనించే నేల కదా అనేవారు. క్లాసయ్యాక మా దోసిళ్ళలో బొరుగులు పోస్తూ అందరినీ ఒకటే అడిగేవారు: "ఈ పొద్దు ఏం గమనించినావు?"

ఆ ప్రశ్న నాతో ఇంటికీ ఆఫీసుకూ వచ్చేది. మీటింగులో నా వంతు రాగానే దవడ బిగుసుకుంటుందని తెలిసింది. ఒకరోజు దాన్ని వదులు చేసి, ప్రతి వీకెండూ డ్యూటీ రోటాలో నా పేరే వేయొద్దని మేనేజరుకు చెప్పగలిగాను. అతను సరేనన్నాడు. ఇంత చిన్న మాట చెప్పలేక నాలుగేళ్ళు మెడ నొప్పించుకున్నానా అనిపించింది. ఇంట్లో పాప కూడా కనిపెట్టడం నేర్చుకుంది. "మమ్మీ, యూ ఆర్ హోల్డింగ్ యువర్ బ్రెత్ అగైన్," అనేది.

ఇంత నేర్చుకున్న నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి.

కిందటి ఏడాది చలికాలంలో ఒక గురువారం చెంప నేలకు ఆనించి పడుకుని ఉన్నాను. ఆంటీ నడుస్తున్న చప్పుడు చెక్క నేల గుండా చెవిలోకి వస్తోంది. కుడి అడుగు మెత్తగా పడుతోంది. ఎడమ అడుగు పడేముందు బొటనవేలు నేలను రాసుకుంటోంది. తరువాతి వారం కూడా అంతే. మూడో వారం ఇంకాస్త ఎక్కువైంది. ఆవిడకు నేను చెప్పడమేమిటి, పెద్దావిడ, పైగా గురువు అనుకున్నాను. ఆ రోజు అందరూ వెళ్ళాక కార్ పార్కులో నన్నొక్కదాన్నే ఆపి అడిగారు.

"ఈ పొద్దు ఏం గమనించినావు?"

"మెడ తేలిగ్గా ఉందాంటీ."

ఎప్పటికన్నా కాసేపు ఎక్కువగా నా ముఖంలోకి చూశారు. "సరే, మంచిది," అని కారెక్కారు.

తరువాతి నెల ఇంటి మెట్ల మీద పడిపోయారు. ఆసుపత్రిలో పరీక్షలు చేసి నరాల జబ్బన్నారు, నయమయ్యేది కాదన్నారు. ముందే తెలిసినా చేయగలిగేది తక్కువేనన్నారు. ఆ మాట నాకు ఊరట ఇవ్వాలి, ఇవ్వలేదు. ముఖం చెల్లక రెండు నెలలు చూడటానికే వెళ్ళలేదు. క్లాసువాళ్ళు రోజుకొకరు చొప్పున వంట చేసి తీసుకెళ్తుంటే, నేను పని ఉందని మెసేజ్ పెట్టేదాన్ని.

చివరికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని చెప్పేశాను. "ఆంటీ, మీరు ఎడమకాలు ఈడుస్తున్నారని నాకు ముందే తెలిసింది. చెప్పలేకపోయాను."

ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు తెల్సులేమ్మా. అందరి ఒళ్ళూ చూసేదాన్ని, నాది నాకు తెలీదా? భయమేసి గమ్మునుండినా. ఎవురన్నా అడిగితే ఒప్పుకుందామనుకున్న్యా." నా చెయ్యి పట్టుకుని అన్నారు: "ఆ పొద్దు అందుకే నిన్నడిగినా."

గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. నేను అడిగి ఉంటే కాలు బాగయ్యేది కాదు. కానీ ఆ చలికాలమంతా ఆమె ఆ భయాన్ని ఒంటరిగా మోసేవారు కాదు. "మీ కాలికేమైందాంటీ" అన్న నాలుగు ముక్కల కోసం ఆమె కార్ పార్కులో చలిలో నిలబడి ఎదురుచూశారు.

ఆ తరువాత వారం వారం వెళ్ళాను. పోవడానికి ముందు చివరిసారి వెళ్ళేసరికి మాట బాగా తగ్గిపోయింది. కూర్చోబోతుంటే వేలు కదిపి వద్దన్నారు.

"నడువు," అన్నారు.

చిన్న గది. కిటికీ నుంచి తలుపుకు నడిచాను, తలుపు నుంచి కిటికీకి. ఆమె నా పాదాలకేసే చూస్తున్నారు.

"మళ్ళా."

మళ్ళీ నడిచాను. ఆమె కూతురు టీ తెచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆగమని ఆంటీ అనలేదు, నేనూ ఆగలేదు. కాసేపటికి ఆమె రెప్పలు వాలిపోయాయి. వాటి కింద కనుగుడ్లు మాత్రం నా అడుగుల చప్పుడు వెంట కిటికీ నుంచి తలుపుకూ, తలుపు నుంచి కిటికీకీ కదులుతూనే ఉన్నాయి.