సుమియాతికి షుగర్ ఎందుకు పడిపోయింది

2023లో నేను దోహాలో, అల్ మన్సూరాలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో స్టాఫ్ నర్సుని. మాది నరసాపురం దగ్గర పల్లె. రోగిని డాక్టరు దగ్గరికి పంపేముందు బీపీ, షుగర్ చూసి, బాధేమిటో అడిగి రాసుకోవడాన్ని ట్రయాజ్ అంటారు. ఆ బల్ల నాది. ఇళ్ళల్లో పనిచేసే ఇండోనేషియా ఆడవాళ్ళు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవారు.

వాళ్ళ భాషను ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తారు. చూడగానే తెలిసిన మాటలా ఉంటుంది, అర్థం మాత్రం మరెక్కడో ఉంటుంది. మనం ఎయిర్ అని చదివేది వాళ్ళకు నీళ్ళు. రొట్టెకు రాసుకునే జామ్ వాళ్ళ గడియారంలో గంట. మనకు నొప్పిని చెప్పే సోర్, వాళ్ళ నోట సోరే అయి సాయంత్రమవుతుంది. ఇలాంటివన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకుని, కొత్తగా చేరిన నర్సులకు పాఠం చెప్పేదాన్ని. కాస్త గర్వంగానే ఉండేది, దాచడమెందుకు.

ఆ ఏడు రంజాన్ వెళ్ళిన రెండు నెలలకు సుమియాతి వచ్చింది. జావా మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. ఉమ్ సలాల్‌లో ఒక ఖతరీ కుటుంబానికి వంట చేస్తుంది. ఇంటి మేడమే వెంటపెట్టుకొచ్చింది. పరీక్షలో షుగర్ వ్యాధి బయటపడింది. డాక్టరమ్మ రెండు పూటలా, తిండికి అరగంట ముందు వేసుకోమని ఒక మాత్ర రాసింది. ఆ రకం మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ ప్రమాదంగా దిగిపోతుంది. దాన్ని మేము హైపో అంటాం.

నేను ఇండోనేషియా మాటల్లో కాగితం రాసిచ్చాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తిండికి ముందు. ఒక్క పూట కూడా మానకూడదని గట్టిగా చెప్పాను. అర్థమైందా అంటే తలూపి, తప్పులేకుండా చదివి వినిపించింది.

రెండు వారాల తర్వాత ఒక సోమవారం ఆమె పొయ్యి దగ్గర పడిపోయింది. తీసుకొచ్చేసరికి షుగర్ మన దేశపు లెక్కలో యాభై ఉంది, డెబ్బైకి తగ్గకూడదు. గ్లూకోజ్ ఎక్కించి పంపాం. తర్వాతి వారం గురువారం మళ్ళీ పడిపోయింది. ఈసారి పొయ్యి మీద నూనె మరుగుతోందట.

మేడమ్ చెడ్డ మనిషి కాదు, భయపడింది. "మనిషి మంచిదే, కాదనను. నూనె మీద పడితే ఎవరిది బాధ్యత? టికెట్ తీసి పంపించేస్తాను" అంది ఇంగ్లీషులో. టికెట్ అన్న మాట సుమియాతికి తెలుసు. వాళ్ళ భాషలో నర్సు సుస్తెర్. మేడమ్ బయటికి వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని, "సుస్తెర్, పంపొద్దని చెప్పండి" అంది.

తప్పు నా కాగితానిదే అనుకున్నాను. సోరేని ఇంట్లో ఎవరో నొప్పి అని చదివి, నొప్పి ఉన్నప్పుడల్లా మాత్ర ఇచ్చేస్తున్నారేమో. మాత్రలు లెక్కపెట్టాను, సరిగ్గా ఉన్నాయి. కాగితంలో ఒక్క మాటా తప్పు లేదు. సరిగా తింటోందా అని డాక్టరమ్మ అడిగితే, మా ఇంట్లో తిండికి లోటా అని మేడమే జవాబు చెప్పింది. సుమియాతి తలూపింది. ఇంకొక్క వారం చూద్దామని డాక్టరమ్మ మేడమ్‌ను ఒప్పించింది.

వారం తిరిగాక, గురువారం సుమియాతి మళ్ళీ వచ్చింది. షుగర్ అరవై. చేతులు వణుకుతున్నాయి. జ్యూస్ డబ్బా ఇస్తే తీసుకుని సంచిలో పెట్టుకుంది. తాగమన్నాను.

"మగ్రిబ్ తర్వాత తాగుతాను" అంది.

మగ్రిబ్ అంటే పొద్దుగూకాక చేసే నమాజు. రంజాన్ ఎప్పుడో అయిపోయిందిగా అన్నాను. అప్పుడు చెప్పింది. ప్రతి సోమవారం, గురువారం ఆమెకు ఉపవాసం. వాళ్ళమ్మ చేసేది, పన్నెండో ఏట నుంచి తానూ చేస్తోంది. తెల్లవారకముందే లేచి, గ్లాసు నీళ్ళతో నా మాత్ర వేసుకుని, పొద్దుగూకేదాకా ఏమీ ముట్టదు. మానకూడదని చెప్పింది నేనేగా. డాక్టరమ్మ వచ్చి నచ్చజెప్పాక జ్యూస్ తాగింది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం ఇబూ?" అన్నాను, కాస్త కోపంగానే. పెద్దవాళ్ళను వాళ్ళు అలాగే పిలుస్తారు.

"కాగితం అర్థమైందా అని అడిగారు సుస్తెర్. అర్థమైంది."

నాకు తల కొట్టేసినట్లయింది. రంజాన్ ముందు ప్రతి షుగర్ పేషెంటునూ ఉపవాసం ఉంటారా అని అడిగి మోతాదు మారుస్తాం. పండుగ కాగానే ఆ ప్రశ్న అటకెక్కుతుంది. ఈస్టరు ముందొచ్చే శ్రమల దినాల్లో శుక్రవారాలు పస్తుండే అమ్మను చూస్తూ పెరిగిన నాకైనా తట్టి ఉండాల్సింది.

డాక్టరమ్మ ఆ మాత్ర తీసేసి, షుగర్‌ను అంతగా దించని మందు రాసింది. నెలపాటు ఉపవాసం వద్దంది, సుమియాతి కష్టం మీద ఒప్పుకుంది. సంగతి మేడమ్‌కు చెప్పాను. ఎనిమిదిమందికి వండిపెట్టే మనిషి వారానికి రెండు రోజులు తినడం లేదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. టికెట్ మాట మళ్ళీ రాలేదు.

అప్పటినుంచి అర్థమైందా అని అడగడం తగ్గించాను. నిన్న లేచినప్పటినుంచి ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు అని అడుగుతాను. ఆ వారమే జగిత్యాల నుంచి వచ్చి సైటులో పనిచేసే ఒకాయనను అడిగాను. మూడేళ్ళుగా మా దగ్గర అదే రకం మాత్ర వాడుతున్నాడు.

"మూడున్నరకు లేస్త సిస్టర్. గోలీ ఏసుకొని బస్సెక్కుత. తినుడు సైట్ల తొమ్మిదింటికే."

మధ్యలో కళ్ళు తిరుగుతాయా అన్నాను.

"రోజు తిరుగుతయ్. ఎండకనుకున్న."

ఆయనదీ నాదీ ఒకటే తెలుగు. మూడేళ్ళూ నేను అడగలేదు, అంతే.