కోపెన్‌హేగన్ గోడకు పిసురు తీసిన వైనం

నేను జీవితంలో ఒకే ఒక్క గోడను పాడుచేశాను. అదీ మన దేశంలో కాదు, కోపెన్‌హేగన్‌లో. మేకు కొట్టలేదు, తమలపాకు నమిలి ఉమ్మలేదు. శుభ్రం చేశాను, అంతే. శుభ్రం చేసిన పాపానికి మనిషి ఎంత అవమానం మొయ్యాలో తెలుసుకోవాలంటే కాస్త ఓపిక పట్టండి. తప్పెవరిదో చివర్లో మీరే తేల్చండి. నా మటుకు నేను సగమే ఒప్పుకుంటాను.

మాది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బ్యాంకులో ఇంగ్లీషు. మా అమ్మ తమ్ముడు రంగసామి మామకు అవినాశిలో బనియన్ కంపెనీ ఉండేది. అందులో కుట్టేవి చంటిపిల్లల గౌన్లూ టోపీలూ. అయినా మా వైపు అల్లిక బట్టలు కుట్టే ప్రతి షెడ్డూ బనియన్ కంపెనీయే. నేను అక్కడ చెకింగ్ సెక్షన్ చూసేవాణ్ణి. కుట్టు అయ్యాక బట్టకు వేలాడే దారపు కొసల్ని మేం పిసురు అంటాం. ట్రిమ్మర్ అనే బొటనవేలంత కత్తెరతో ఆ పిసురు తీసేయడమే మా పని. ఈ పని కొన్నేళ్లు చేసినవాడికి ప్రపంచమంతా పిసురు కనిపిస్తుంది. గాంధీపురం బస్టాండులో ముందు నిలబడ్డ మనిషి చొక్కాకు దారం వేలాడుతుంటే, చెప్పకుండా కత్తిరించి రెండుసార్లు జేబుదొంగ అనిపించుకున్నాను.

ఇంత దీక్ష ఎక్కడిదంటే, ఒక అవమానం నుంచి వచ్చింది. డెన్మార్క్‌లో పిల్లల బట్టలమ్మే ఇంగర్ అనే ఆవిడకు మేం ఒక ఏజెంటు ద్వారా సరుకు పంపేవాళ్లం. ఒకసారి ఒక్క గౌనుకు ఒక్క దారం వేలాడుతోందని ఆవిడ పెట్టె మొత్తం తిప్పి పంపింది. మామ ఆ గౌను పట్టుకొచ్చి, చెకింగ్‌లో ఉన్న ఆడవాళ్లందరి ముందూ, "వీడికి దేవుడు రెండు కండ్లు వేస్టుగా ఇచ్చినాడు" అన్నాడు. ఆ రోజు మంగళవారం. మధ్యాహ్నం సొరకాయ కూర. ఎవరెవరు నవ్వారో, ఎవరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారో ఇప్పటికీ వరుసగా చెప్పగలను.

ఆ తరువాత ఏజెంటు కంపెనీ మూసేశాడు. ఇంగర్ ఆర్డరు నేరుగా మాకు దక్కితే కంపెనీ నిలుస్తుంది, లేకపోతే షెడ్డుకు తాళం. అందుకని మామా నేనూ శాంపిళ్లు మోసుకుని విమానమెక్కాం. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. అంటే తెలివి తప్ప అన్నీ ఉన్న వయసు.

ఇంగర్ మాకు వాళ్ల అక్క బిర్గిట్ నడిపే హోటల్లో బస ఏర్పాటు చేసింది. హోటలంటే మన లాడ్జి కాదు. వంటగదితో సహా చిన్న ఇల్లు. అందమైన కట్టుబడికి పేరుమోసిన చోటని ముందే చెప్పారు. లోపలికెళ్లి చూద్దును కదా, గోడలకు పూత లేదు, సిమెంటు అలాగే ఉంది. ట్యూబ్‌లైటు లేదు. దీపమొకటి బోర్లించిన ఇడ్లీ కుండలా మన నెత్తికి తగిలేంత కిందికి వేలాడుతోంది. కుర్చీ ఉంది గాని, కూర్చోవాలా మొక్కాలా తెలియదు. స్నానాల గదిలో బకెట్టూ లేదు, చెంబూ లేదు.

ఫిర్యాదు చేయడం నా జన్మహక్కు కాబట్టి కిందికి దిగి, కౌంటరు దగ్గరున్న అమ్మాయిని గోడకు పూత ఎప్పుడు వేస్తారని అడిగాను. అది డిజైను అంది. దీపం? డిజైను. కుర్చీ? అదీ డిజైనే. బకెట్టు లేకపోవడం కూడా డిజైనేనా అంటే కాస్త ఆలోచించి, కావాలంటే పూలకుండీ ఇవ్వగలనంది. మామ మూడు రోజులూ పూలకుండీతోనే స్నానం చేశాడు. బాగుందన్నాడు కూడా. ఆయనతో వచ్చిన చిక్కే అది. నేను పోట్లాడి సాధించినదంతా ఆయన సుఖంగా అనుభవిస్తాడు, మెచ్చుకోడు.

అసలు సంగతి భోజనాల బల్ల వెనక గోడ మీద ఉంది. మనిషి ఎత్తున ఒక నేత బట్ట వేలాడదీశారు. బూడిద, నీలం, ఆవాల పసుపు రంగులు. దానికి పైనుంచి కిందిదాకా దారాలు. పొట్టివి, పొడుగువి, చుట్టలు తిరిగినవి. ఒక్క దారానికి పెట్టె తిప్పి పంపిన కుటుంబం సొంత గోడ మీద ఇన్ని దారాలు వదిలేస్తుందా? నా ఒళ్లు మండిపోయింది. మళ్లీ కిందికి దిగాను.

"ఆ దారాలు అలా ఉండాల్సినవే" అంది అమ్మాయి.

మా చెకింగ్‌లో పని ఎగ్గొట్టేవాళ్లందరూ సరిగ్గా ఇదే మాట అంటారు. నేను నమ్మలేదు.

మర్నాడు పొద్దున పదకొండింటికి ఇంగర్ శాంపిళ్లు చూడ్డానికి వస్తానంది. పరచడానికి ఉన్నది ఆ బల్ల ఒక్కటే. ఆలోచించండి. ముదురు నీలం గౌన్లు బల్ల మీద, వెనక గోడ నిండా పిసురు. ఒక్క పోగు ఊడి గౌను మీద పడినా నేరం మాదే. మామ పాలకోసం బయటికి వెళ్లాడు. నేను ట్రిమ్మర్ తీశాను.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఇంగర్ మీద కోపం గోడ మీద చూపానని మీరనుకోవచ్చు. ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను, కోపం పావువంతే. మిగతా ముప్పావూ భక్తి. కుర్చీకి చివరికి ఒక ఉపయోగం దొరికింది, దానిమీద ఎక్కాను. పైనుంచి మొదలుపెట్టి, బట్టకు తగలకుండా, కొస మిగలకుండా, ఒక్కొక్క దారమే తీసుకుంటూ కిందికి దిగాను. మా కంపెనీలో పిసురు కూడా పారేయరు, వేస్టు కొనేవాళ్లు ఉంటారు. ఆ అలవాటుకొద్దీ అంతా ఒక ప్లాస్టిక్ కవరులో నింపి మూతి కట్టాను. వెనక్కి జరిగి చూస్తే ఆ నేతబట్ట పళనిలో గుండు కొట్టించుకున్న పిల్లవాడిలా నున్నగా మెరుస్తోంది.

మామ వచ్చాడు. పాలు బల్ల మీద పెట్టి గోడను తేరిపార చూశాడు. చేత్తో తడిమాడు.

"నువ్వేనా మాప్పిళ్ళే?"

"నేనే మామా."

"నల్లా తీసితివిరా. ఒగ కొస లేదు."

మా వైపు మాప్పిళ్ళే అంటే అల్లుడు, నల్లా అంటే బాగా. తొమ్మిదేళ్లలో అదే మొదటి మెప్పు. నా కళ్లు చెమర్చాయి. సరిగ్గా ఆ ఘడియలో ఇంగర్ తలుపు తట్టింది.

ఆవిడ లోపలికి వచ్చి, నమస్కారం పెట్టబోయి, గోడ చూసి ఆగిపోయింది. చేతులు సగంలోనే ఉన్నాయి. దారాలు ఏవని అడిగింది. నేను గర్వంగా, తీసేశానని, కొస కూడా మిగల్చలేదని, అందుకు విడిగా ఏమీ ఇవ్వనక్కర్లేదని చెప్పాను. ఆవిడ ఆ మొక్కే కుర్చీలో కూలబడింది. మెల్లగా చెప్పింది. అది వాళ్లక్క స్వయంగా నేసిందట. వాళ్లమ్మ పోయాక, అమ్మ తొడుక్కున్న స్వెటర్లు విప్పి, ఆ ఊలుతో చేసిందట. వేలాడే ఒక్కో కొసా ఒక్కో స్వెటరుదట. అక్క పక్క ఊళ్లో ఉంది, రేపు మధ్యాహ్నం వస్తుంది, అక్కకు ఎలా చెప్పాలో తెలియడం లేదంది. శాంపిళ్ల పెట్టె వైపు కూడా చూడకుండా వెళ్లిపోయింది.

తలుపు మూసుకుంది. నేను తిట్లకోసం ఎదురుచూశాను. తిడితే బాగుండేది, లెక్కలో రాసుకునేవాణ్ణి. మామ తిట్టలేదు. చొక్కా చేతులు మడుచుకున్నాడు.

"ఆ కవరు తే."

"మామా, నాకు తెలీదు..."

"సుమ్మా ఉండు. కవరు తే అంటిని."

గోడమీది బట్ట దించి నేల మీద పరిచాం. కత్తిరించిన మొదళ్లు గోరంతైనా లేవు. నా పనితనం అలాంటిది మరి. మామ ఒక పొడుగు దారాన్ని కాలి బొటనవేలికి తగిలించి, తెగిన కొసల్ని రెండేసి చొప్పున పెట్టి, వేలు తిప్పి ముడి బిగించాడు. కన్ను మూసి తెరిచేలోగా ఇంకో రెండు. మల్లెపూలు కట్టే ముడి. అలా కట్టిన దండల్ని బట్టకు వరసగా కుట్టుకుంటూ పోయాడు.

మామకు పూలు కట్టడం వచ్చని ఆ రోజుదాకా నాకు తెలియదు. మదురైలో వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని పూలు కట్టి అమ్మేదట. బడినుంచి రాగానే మా అమ్మా ఈయనా చెరొక పక్కా కూర్చోవాల్సిందేనట.

"మీయమ్మ నాకంటే జోరుగా కట్టేది. మొగ్గలు విచ్చుకునే లోపల కట్టాల. చీకటి పడితే ఆగవు గదా అవి."

"నీకు సిగ్గు కాలేదా మామా, మొగపిల్లోడివి?"

"అయింది. అందుకే వాకిలికి వీపు తిప్పి కూర్చొని కడితిని."

అక్కడ వేసవిలో పొద్దు ఓ పట్టాన గుంకదు. టైము ఎంతైందో తెలియకుండా ఆయన కడుతూనే ఉన్నాడు, చెబుతూనే ఉన్నాడు. వాళ్ల వీధిలో ఏ ఇంటి ఇల్లాలు ఎన్ని మూరలు కొనేదో, మా తాత చేతుల నిండా మల్లె వాసనతో సంగటి ఎలా కలిపేవాడో, మా అమ్మ పెళ్లినాడు జడకు పూలు తానే కట్టి, కట్టింది బయటివాళ్లని అందరికీ ఎలా అబద్ధం చెప్పాడో. కంపెనీలో ఇరవై మాటలకు మించి నాతో మాట్లాడని మనిషి. కంపెనీ పోతుందేమోనని మధ్యలో ఒకసారి అన్నాను. పోతే పూలంగడి పెడదాంలే అన్నాడు.

నేనూ కట్టాను. అబద్ధం చెప్పను, చాలానే కట్టాను. నేను కట్టినవన్నీ ఆయన మాట్లాడుతూనే విప్పి మళ్లీ కట్టాడు. ఈ విషయం కూడా నేను మరిచిపోలేదు.

మర్నాడు బిర్గిట్ వచ్చింది. పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు. వెనక ఇంగర్, దారిలోనే సంగతి చెప్పేసినట్టుంది. బిర్గిట్ గోడ ముందు నిలబడింది. నిన్నటిదాకా జల్లులా జారిన దారాలు ఇప్పుడు దండలై వేలాడుతున్నాయి. బూడిద, నీలం, ఆవాల పసుపు. ఆవిడ ఒక ముడిని వేలితో తడిమింది. ఇంకొకటి.

ఎవరు కట్టారని అడిగింది. మామ బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పబోతుంటే మామే చెప్పాడు, తనకొచ్చిన నాలుగు మాటల్లో.

"మై మదర్. ఫ్లవర్స్."

బిర్గిట్ నేల మీద ఆయన పక్కన కూర్చుని, చెప్పుల్లేని తన కాలి బొటనవేలు చాపి, నాకూ నేర్పండి అంది. వాళ్లిద్దరూ ముడులు వేసుకుంటూ కూర్చుంటే, ఇంగర్ శాంపిళ్ల పెట్టె తనే తెరిచి, ఒక్కొక్క గౌనూ తిరగేసి చూసింది. ఒక్కదానికీ కొస లేదు. ఆర్డరు ఇచ్చింది. చిన్నదే, కానీ షెడ్డుకు తాళం పడలేదు.

కథ ఇక్కడితో అయిపోతే నేనీ వ్యాసం రాసేవాణ్ణే కాదు.

ఏడాది తరువాత బిర్గిట్ ఒక ఫోటో పంపింది. గోడ మీద అదే నేతబట్ట, పక్కన ఇత్తడి పలక. నేత బిర్గిట్, ముడులు కోయంబత్తూరు రంగసామి, అని చెక్కించింది. అంతే. నా పేరు లేదు. పైనుంచి చూశాను, కింద చూశాను, ఫోటో వెనక కూడా చూశాను. మామ దాన్ని పటం కట్టించి ఆఫీసులో దేవుళ్ల పక్కన తగిలించాడు. నా పేరేదని అడిగాను.

"తెంచినోని పేరు ఎవురు రాస్తారురా మాప్పిళ్ళే?"

ఇది న్యాయమా? నేను తెంచకపోతే ఆయన కట్టేవాడా? ఆయన కట్టకపోతే ఆ పలక ఉండేదా? హోటలుకు ఉత్తరం రాశాను. పరిశీలిస్తామని ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. ప్రతి ఏడాదీ రాస్తున్నాను, ప్రతి ఏడాదీ పరిశీలిస్తున్నారు. మామ పోయి మూడేళ్లయింది. పోయినవాడితో పోట్లాట ఏమిటని మా ఆవిడ అంటుంది. ఆవిడకేం తెలుసు, ఆయన బతికుండగా గెలవని పోట్లాటలు నాకింకా చాలా ఉన్నాయి.

కాబట్టి పాఠకుల సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశంలోనైనా, ఏ గోడ మీదనైనా, ఎంత దారం ఎంతసేపు వేలాడినా, అది నా ముక్కుకు తగిలి తుమ్ము వచ్చినా సరే, కత్తెర ముట్టను. ఒకవేళ తెంచాల్సే వస్తే, ముందు నా పేరు చెక్కించాకే తెంచుతాను.