థ్రస్టర్ చల్లబడేదాకా

జూన్ మొదట్లో, పొద్దున పదకొండు గంటలకు, ఆర్మీ లారీ మమ్మల్ని సరస్సు ఒడ్డున దించింది. లడాఖ్. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. పది అడుగులు వేశాను. ఊపిరి అందలేదు. నా పెట్టె మీదే కూర్చున్నాను. ఎదురుగా నీళ్లు. అంత నీలం నేనెక్కడా చూడలేదు. ఆకాశం ఎక్కడ అయిపోయిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. ఇంకా లారీలో నిద్రపోతున్నానేమో అనుకున్నాను.

మాది హోసూరు దగ్గర, బాగలూరు పక్కన. రోజా తోటలు. మా ఇంట్లో ఎవరూ పడవ ఎక్కి ఎరగరు. నాకు పడవ నడిపే డ్యూటీ వేశారు.

ప్లాస్టిక్ డ్రమ్ముల మీద పలకలు పరిచిన జెట్టీ అది. ఆరు మోటారు పడవలు కట్టి ఉండేవి. మా పడవ చోటు మధ్యలో. అటొక పడవ, ఇటొక పడవ. రెండు పక్కలా మూరెడు సందు. పడవలో ముగ్గురం. హవల్దారుది కోలారు. రేడియో చూసే అతనిది మత్తూరు. ముగ్గురం తెలుగే మాట్లాడుకునేవాళ్లం.

పడవ ముక్కు దగ్గర, నీళ్ల కింద, అడ్డంగా ఒక గొట్టం ఉంటుంది. అందులో చిన్న ఫ్యాను. దాన్ని బౌ థ్రస్టర్ అంటారు. బటన్ నొక్కితే ముక్కును ఎడమకో కుడికో తోస్తుంది. పడవ వేగంగా పోతుంటే దాని బలం చాలదు. దాదాపు ఆగాకే పనికొస్తుంది. హవల్దారు వారం రోజులు నాకు ఇదే నేర్పాడు. రెండు లెక్కపెట్టేంత సేపు నొక్కు. వదులు. ముక్కు ఎటు పోతోందో చూడు. మళ్లీ నొక్కు. పట్టుకునే ఉంటే మోటారు వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది.

నా చేతికి అది పట్టుబడలేదు. మా తోటలో బోరు మోటారు స్టార్టర్ నిలవదు. పచ్చ బటన్ నొక్కి పుల్ల అడ్డం పెడతాం. తోట తడిసేదాకా తియ్యం. మొదటి వారంలోనే రెండుసార్లు థ్రస్టర్ వేడెక్కించి ఆపేశాను.

"ఏమప్పా, ఈడ గూడా పుల్ల పెడతావా?" అన్నాడు హవల్దారు.

రేడియో అతను చాలాసేపు నవ్వాడు. అప్పటినుంచి జెట్టీ దగ్గరకు రాగానే నా వెనక నిలబడేవాడు. "ఒకటి, రెండు, వదులు" అని జోల పాడినట్టు చెప్పేవాడు. ఆ గొంతు వింటే నా వేలు దానికదే లేచేది.

ఆగస్టులో ఒక రోజు. అవతలి ఒడ్డున పోస్టులో మూడు రోజులుండి తిరిగి వస్తున్నాం. రేడియో అతనికి పొద్దుటినుంచి దగ్గు. ఒకటిన్నరకు పెదవులు నీలంగా మారాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని హవల్దారు అన్నాడు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆక్సిజన్ మాస్కు పట్టుకున్నాడు. సిలిండర్ ముల్లు ఎర్ర గీత దగ్గరుంది. రేడియో కూడా హవల్దారే చూసుకుంటున్నాడు. జెట్టీ దగ్గర ఒడ్డున అంబులెన్సు నిలబడి ఉంది.

రెండు గంటల పది నిమిషాలకు జెట్టీ దగ్గరకు వచ్చాం. కుడి నుంచి గాలి. గేరు న్యూట్రల్లో వేశాను. ముక్కు ఎడమ పడవ మీదికి పోతోంది. కుడి బటన్ నొక్కాను. ఒకటి, రెండు. వెనక ఎవరూ వదలమనలేదు. నేను వదల్లేదు. కాలిన వాసన వచ్చింది. శబ్దం ఆగింది. రివర్సు వేసి, పక్క పడవకు తగలకుండా బయటికి లాగాను.

"ఏమాయె?" అన్నాడు హవల్దారు.

"ఆగిపోయినాది సార్. నేనే పట్టుకోనుంటిని."

తిట్టలేదు. సిలిండర్ ముల్లు చూశాడు.

"గాలికి ఎదురుగా నిలబెట్టు. పది నిముసాలు. సల్లబడనీ."

ఒడ్డు నుంచి రేడియోలో ఎంతసేపని అడిగారు. పది నిమిషాలని చెప్పాడు.

నిలబెట్టాను. ఇంజను మెల్లగా తిరుగుతోంది. పడవ ముందుకు పోదు, వెనక్కి పోదు. చుట్టూ కొండలు నీళ్లలో తలకిందులుగా ఊగుతున్నాయి. ఒక తెల్లపిట్ట మా పక్కనే తేలుతూ మమ్మల్ని చూస్తోంది. మాస్కులో ఊపిరి చప్పుడు ఒక్కటే వినబడుతోంది. వస్తుంది. ఆగుతుంది. వస్తుందా అని నేను ఎదురుచూస్తాను. వస్తుంది. కాలం కూడా మాతో పాటు అక్కడే నిలబడింది.

రెండు ఇరవై రెండుకు మళ్లీ లోపలికి పోయాను. ఈసారి నేనే పైకి చెప్పుకున్నాను. ఒకటి, రెండు, వదులు. నాలుగుసార్లు నొక్కాను. పడవ ముక్కు జెట్టీకి ఆనుకుంది. ముల్లు ఎర్ర గీత మీద ఉంది.

అతను బతికాడు. హెలికాప్టర్లో కిందికి తీసుకుపోయారు. మళ్లీ సరస్సుకు రాలేదు. నేను నా సర్వీసు కాలం పూర్తి చేసి, పెట్టె పట్టుకుని, హోసూరు బస్టాండులో దిగాను. ఇప్పుడు తోట చూసుకుంటున్నాను. మొన్న మత్తూరు నుంచి అతను ఫోన్ చేశాడు.

"ఆ దినం నాకొక కల వచ్చిందప్పా. మన పడవ నీళ్ల నడమ శానా సేపు నిలబడిపోయింది. యాడా సద్దు లేదు. ఎంత సుకంగా ఉండిందో."

ఔనా అన్నాను. నోటితో చెప్పలేకే ఇది రాస్తున్నాను. అది కల కాదప్పా. నేను బటన్ వదల్లేదు.

పడుకుంటే నాకు కనిపించేది ఒక్కటే. పడవకూ జెట్టీకీ మధ్య సన్నని నీటి చార. అందులో ఒక మబ్బు ముక్క. చార బెత్తెడవుతుంది, రెండు వేళ్లవుతుంది. దాని మీదుగా స్ట్రెచర్ దాటుతుంది. లేసులు విప్పిన అతని బూట్లు ఆ మబ్బు మీద నడిచి పోతాయి.