దీపాల షికారులో ముందు సీటు

నా చిన్నప్పుడు క్రిస్మస్ దీపాలంటే అందరికీ నక్షత్రాలు గుర్తొచ్చేవి, నాకు మాత్రం వాంతులు గుర్తొచ్చేవి. ఇంత మంచి విషయాన్ని ఇలా మొదలుపెట్టానని ఏమీ అనుకోకండి, ఉన్నమాటే చెబుతున్నాను. రిక్షా తప్ప ఏ బండి ఎక్కినా నాలుగు వీధులు దాటేసరికి నాకు కడుపులో తిప్పడం మొదలయ్యేది. బస్సులో నేను కూర్చుంటే చుట్టుపక్కల వాళ్లు తమ చీరలూ పంచెలూ దగ్గరకు లాక్కునేవారు.

మాది విజయనగరం దగ్గర ఒక పల్లె. నాన్నగారికి రైల్వేలో గుమాస్తా ఉద్యోగం రావడంతో సికింద్రాబాదు వచ్చి, రెజిమెంటల్ బజారులో ఒకే వాకిలి చుట్టూ మూడు వాటాలున్న ఇంట్లో అద్దెకు దిగాం. మా పక్క వాటాలో ఒక పెద్దాయనా, ఆయన భార్యా ఉండేవారు. సైన్యంలో చాలా ఏళ్లు చేసి వచ్చినవాడు కాబట్టి పిల్లలమంతా ఆయన్ని మిలిటరీ తాత అనేవాళ్లం. ఆయనకు వేలంలో కొన్న పాత జీపొకటి ఉండేది. ముందు డ్రైవరు పక్కన ఒక సీటు, వెనక ఎదురెదురుగా రెండు బల్లలు. ఏటా క్రిస్మస్‌కు ముందు ఒక సాయంత్రం మా రెండు కుటుంబాల్నీ అందులో కూరి, ఊళ్లో దీపాలన్నీ చూపించుకొచ్చేవాడు. గడియార స్తంభంతో మొదలై, చర్చిలన్నీ తిరిగి, చివరికి సైనిక్‌పురి చేరేవాళ్లు. అప్పట్లో అది ఊరవతల లెక్క. అక్కడ ఆయన స్నేహితులు ఇళ్లు కట్టుకుని, వాకిట్లో చెట్లకు రంగు బల్బులు చుట్టేవారు.

చేరేవాళ్లు అన్నాను గానీ చేరేవాళ్లం అనలేదు, గమనించారా. వెనక బల్ల మీద పక్కవాటుగా కూర్చుని నేను ఏనాడూ సైనిక్‌పురి దాకా పోలేదు. మొదటి ఏడు గడియార స్తంభం దగ్గరే పని అయిపోయింది. ఆ మరుసటి ఏడు నాయనమ్మ పట్టుచీర మీద అయింది. రెండుసార్లూ నన్నూ అమ్మనీ రిక్షా ఎక్కించి ఇంటికి పంపేశారు. అన్నయ్య మాత్రం అన్నీ చూసొచ్చి, అక్కడొక చెట్టుకు ఆకులకంటే బల్బులే ఎక్కువున్నాయని నన్ను ఊరించేవాడు. ఆ చెట్టును ఒక్కసారైనా నా కళ్లతో చూడాలన్నది అప్పట్లో నాకున్న పెద్ద కోరిక.

మూడో ఏడు డిసెంబరు రాగానే నాయనమ్మ తీర్పు చెప్పేసింది. "ఈ గుంటని టీచరమ్మ కాడ ఒగ్గేసి ఎల్దారి. నాకింకో పట్టుచీర నేదు." టీచరమ్మ అంటే మూడో వాటాలో ఉండే ఆవిడ. ఆవిడ దగ్గర వదిలితే ఎక్కాలు చెప్పిస్తుందని నాకు తెలుసు. వాకిట్లో అరుగు మీద కూర్చుని నేను కుళ్లి కుళ్లి ఏడుస్తుంటే మిలిటరీ తాత వచ్చి, "ఏందీ బిడ్డా, గట్ల మూతి ముడ్చుకున్నవ్?" అని అడిగాడు. ఎక్కిళ్ల మధ్య అంతా చెప్పాను.

ఆయన రాత్రి భోజనాల ముందు మా వాటాలోకి వచ్చి నాన్నగారితో చాలా దిగులుగా చెప్పాడు. "ఫౌజుల ఉన్నన్ని దినాలు నేను ఈ ఊర్ల లేకపోతి. గల్లీలు మస్తు మారినయ్. తోవ చెప్పెటోళ్లు లేకుంటె నాకు పరేషాన్ అయితుంది. పోరిని ముందట కూసోవెట్టుకుంట." నాన్నగారు 'మరి పోయినేడు...' అని ఏదో అనబోయి, తాత ముఖం చూసి దగ్గు తెచ్చుకున్నారు. ఆ దగ్గుకు అర్థం నాకు ఆనాడు తెలియలేదు. తోవ చెప్పేదాన్ని నేనట! అదొక్కటే చెవిలో మోగుతోంది.

మర్నాటి నుంచి నాకు చదువు మొదలైంది. మా వాకిట్లో షాబాదు బండల మీద తాత సుద్దముక్కతో ఊరంతా గీశాడు. చర్చి ఉన్నచోటల్లా ఒక చింతపిక్క పెట్టాడు. గడియార స్తంభం దగ్గర అగ్గిపెట్టె నిలబెట్టాడు. అయితే తెల్లారి అమ్మ కళ్లాపి చల్లేసరికి నా ఊరంతా కొట్టుకుపోయేది. సాయంత్రం మళ్లీ నేనే గుర్తు తెచ్చుకుని గీయాలి, ఆయన దిద్దాలి. అది ధనుర్మాసం. షికారుకు వెళ్లే రోజున అమ్మ వాకిలంతా పట్టేలా మెలికల ముగ్గు వేసింది. ముగ్గు చెరిపితే వీపు పగులుతుంది కాబట్టి, దాని సందుల్లోంచే నా రోడ్లు గీసుకున్నాను. ఆఖరుసారి చూసుకున్నప్పుడు ఏది రోడ్డో ఏది ముగ్గు మెలికో కొంచెం తికమకగానే ఉంది. పర్వాలేదులే అనుకున్నాను.

చీకటి పడుతుండగా బయలుదేరాం. ముందు సీట్లో నేను! ఎప్పుడూ అక్కడ కూర్చునే నాన్నగారు వెనక బల్ల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు. నాయనమ్మ పాత నేతచీర కట్టుకుని, వీలైనంత దూరంగా సర్దుకుంది. తాత నాకు ఒకటే నియమం పెట్టాడు. మలుపు రాకముందే చెప్పాలి, వచ్చాక చెబితే ఫాయిదా లేదు. దాంతో నేను రెండు చేతులతో ముందున్న కడ్డీ పట్టుకుని, కన్ను తిప్పకుండా రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాను. కుడికి, ఎడమకు, నేరుగా. గడియార స్తంభం మెడ చుట్టూ పచ్చ బల్బుల దండ వేశారు. మొదటి చర్చి గంటగోపురం అంచులన్నీ నీలంగా వెలుగుతున్నాయి, ఆవరణలో గడ్డి పాకలో చిన్న బల్బు కింద బాలయేసు నవ్వుతున్నాడు. అందరం దిగి చూశాం. మళ్లీ జీపెక్కుతుంటే అన్నయ్య నా ముఖం వింతగా చూసి, "ఏమే, ఇంకా రాలేదా?" అన్నాడు. ఏది రాలేదని అడుగుతున్నాడో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అంత మర్చిపోయాను నా కడుపును.

తర్వాతి చౌరస్తాలో ధీమాగా కుడికి అన్నాను. తాత నా వైపోసారి చూసి, "కుడికేనా?" అన్నాడు. అవునన్నాను. జీపు కుడికి తిరిగింది. కాస్త దూరం పోయాక దీపాలు తగ్గాయి, రోడ్డు సన్నబడింది, చివరికి ఒక గోడ ఎదురై జీపు ఆగిపోయింది. నేను చెప్పింది రోడ్డు కాదు, మా అమ్మ ముగ్గులో మెలిక!

వెనక నుంచి ఒక్కసారిగా గోల. చిన్నపిల్ల మాట పట్టుకుని వస్తే ఇంతేనని నాన్నగారు, నేను ముందే అనుకున్నానని అన్నయ్య. నా నోట్లో నీళ్లూరాయి. కడుపులో సుడి లేచింది. అయిపోయింది, ఈ ఏడు కూడా సైనిక్‌పురి లేదు అనుకున్నాను. నాయనమ్మ అప్పటికే కొంగు సర్దేసుకుంది.

తాత ఇంజను ఆపి, తాపీగా కిందికి దిగాడు. "గైడు తిప్పుమన్నది, తిప్పినం. ఇగ గీడేమున్నదో చూసి పోదాం, దిగుండ్రి."

అక్కడేదో అద్భుతం ఉందని చెప్పను. నాలుగు చిన్న ఇళ్లు. ఒక ఇంటి ముందు భార్యాభర్తలు వెదురుపుల్లల నక్షత్రానికి ఎర్ర కాగితం అంటించి, దాన్ని గుమ్మం పైకి కట్టలేక అవస్థ పడుతున్నారు. నిచ్చెన లేదు, స్టూలు అందడం లేదు. జీపును చూడగానే ఆయన ముఖం విచ్చుకుంది. "తాతా, జెర బండి ముంగటికి తెస్తవా?" అన్నాడు. తాత జీపును గుమ్మం దాకా తెచ్చాడు. ఆయన బానెట్ మీదికెక్కి నక్షత్రం కట్టాడు. నాన్నగారు కోపం మర్చిపోయి కింద నుంచి ఎడమకు, కొంచెం పైకి అని సలహాలివ్వడం మొదలుపెట్టారు. లోపల మీట నొక్కగానే నక్షత్రం వెలిగి, మా అందరి ముఖాలూ ఎర్రబడ్డాయి. ఆ ఇల్లాలు పళ్లెం నిండా నూనెలో వేయించిన గులాబీపువ్వులు తెచ్చింది. బయట మంచినీళ్లు కూడా తాగని మా నాయనమ్మ, ఇవి మన వైపూ చేస్తారు కదా అంటూ రెండు తీసుకుంది. చల్లగాలికి నా కడుపు కాస్త కుదుటపడింది గానీ సిగ్గు మాత్రం తగ్గలేదు.

అందరం జీపెక్కాక నేను తలొంచుకుని వెనకవైపు పోబోతే తాత నా జబ్బ పట్టి ముందు సీట్లోనే కూర్చోబెట్టాడు. తాళంచెవి చేతిలో పట్టుకుని, "ఇగ చెప్పు బిడ్డా, ఎటు?" అన్నాడు. వెనక అందరూ విసుగ్గా నిట్టూరుస్తున్నా నేను చెప్పేదాకా జీపు షురూ కాలేదు. కళ్లు మూసుకుని వాకిట్లో బండలు తలచుకున్నాను. అమ్మ ముగ్గును మనసులోనే చెరిపేసి రోడ్లు మాత్రం మిగిల్చాను. "వెనక్కి పోయి, చౌరస్తా నుంచి నేరుగా" అన్నాను. ఆయన తలూపి జీపు వెనక్కి తీశాడు.

ఆ సాయంత్రం సైనిక్‌పురి చూశాను. ఆ చెట్టునూ చూశాను. అన్నయ్య అబద్ధమే చెప్పాడు, ఆకులే ఎక్కువున్నాయి. కానీ ఆకుల మధ్య నుంచి ఎర్రగా, పచ్చగా, నీలంగా అన్ని బల్బులు ఒకేసారి కనబడేసరికి నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఇంటికి చేరేదాకా వాంతి రానేలేదు.

మర్నాడు తాత భార్య, మా అమ్మతో బియ్యం ఏరుతూ, పకపకా నవ్వి అసలు సంగతి బయటపెట్టింది. "గీ గల్లీలల్లనే పుట్టి పెరిగిండు ఆయన. కండ్లు మూస్కొని సుత తోల్తడు!" నాకు ఒళ్లు మండింది. పరుగున పోయి, తప్పని తెలిసి కూడా కుడికి ఎందుకు తిప్పావని తాతను నిలదీశాను. ఆయన జీపు అద్దం తుడుస్తూ చాలా మామూలుగా అన్నాడు. "తోవ చెప్పుమని నిన్ను కూసోవెట్టి, నీ మాట ఇనకపోతె ఎట్ల బిడ్డా?"

అప్పుడు నాకు సగమే అర్థమైంది. కడుపు తిప్పడాన్ని మరిపించడానికి ఆయన పన్నిన ఉపాయం తెలివైనదే. కానీ గోడ తగులుతుందని తెలిసీ నా మాట మీద బండి తిప్పడం, తగిలాక కూడా ఆ సీటు నాకే ఉంచడం ఉపాయం కాదు, గౌరవం. ఆ మిగతా సగం పెద్దయ్యాకే తెలిసింది. అంతకుముందు నన్ను ముద్దు చేసినవాళ్లున్నారు, నా మాటకు అంత విలువ ఇచ్చినవాళ్లు లేరు. ఆ తర్వాత ఉద్యోగంలో నా చేతి కింద ఎవరికి ఏ పని అప్పగించినా, మధ్యలో లాక్కోవాలని చెయ్యి దురద పుట్టిన ప్రతిసారీ ఆయనే గుర్తొచ్చేవాడు.

పోయిన డిసెంబరులో మా మనవణ్ణి దీపాలు చూపించడానికి కారులో తీసుకెళ్లాను. దారి తనే చెబుతానన్నాడు, సరేనన్నాను. ఒక మలుపు దగ్గర ఎడమకు అన్నాడు. అటు రోడ్డు తవ్వి మూసేశారని నాకు తెలుసు. వెనక సీట్లోంచి మా అమ్మాయి వద్దమ్మా అంటూనే ఉంది, నేను ఎడమకే తిప్పాను. అడ్డంగా పెట్టిన రేకుల ముందు కారు ఆగింది. వాడి ముఖం చిన్నబోయింది, పెదవి వణుకుతోంది. వాడికి లోపల ఎలా ఉందో ఈ భూమ్మీద నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఇంజను ఆపి, వాడివైపు తిరిగి, ఇప్పుడెటు నాన్నా అని అడిగాను. వాడు ఆలోచించుకునేదాకా ఆగాను.