పటిక తిప్పిన బకెట్

ఏది ముందో ఏది తర్వాతో తారుమారు చేస్తానేమో, కాస్త సర్దుకోండి. నిన్న ఒక పటికముక్క నా పరువు తీసింది!

మా కోడలు సుజాత ఇక్కడే బేస్తవారిపేటలో సైన్స్ టీచరు. వానలకు మా వీధి చివర కుంట నిండింది. పొద్దున్నే అందులోంచి తోకకప్పల్ని ఆ నీళ్లతోనే బకెట్‌లో పట్టుకొచ్చింది.

"అత్తా, రేపు క్లాసులో చూపించాలి. వీటికింకా కాళ్లు రాలేదు. ఈ బకెట్ జోలికి పోవద్దు."

"పోనమ్మా" అన్నాను. కాగితం మీద రాసుకున్నాను కూడా. పోయిన నెల పాలు మాడ్చినప్పుడే కొడుకు చెప్పినాడు, "ఇంకోసారి ఏదన్నా మరిచిపోతే స్టవ్ దగ్గరికి రావద్దమ్మా" అని. వంట కూడా పోతే ఇంక నాకు పొద్దెట్ల పోవాల?

మధ్యాహ్నం వంటింటి మూల బురదనీళ్ల బకెట్ కనబడింది. ట్యాంకర్ నీళ్లు తేర్చుకొని తాగిన ప్రాణం కదా, చెయ్యి ఊరుకోలేదు. పటికముక్క తీసి గిరగిరా తిప్పినాను. కాసేపటికి నీళ్లు తేటపడినాయి. అడుగున నల్లగా, కదలకుండా తోకకప్పలు!

అయ్యో దేవుడా! బకెట్, టీ వడకట్టేది చేత పట్టుకొని కుంటకు పరుగు. ఒంపితే కాసేపు అట్లే తేలినాయి. తర్వాత ఒక్కొక్కటే తోకాడించుకుంటూ పోయినాయి. బతికినాయి! సరే, వాటి బదులు కొత్తవి పట్టాల కదా. చీర ఎగ్గట్టి బురదలోకి దిగినాను.

గట్టున బర్రెలు మేపుతున్న మరియమ్మ కేకేసింది. "ఏంది అవ్వా, చేపలా?"

"కాదు, మందుకు."

"ఏం రోగానికి?"

"మతిమరుపుకు."

"అయితే నాక్కూడా నాలుగు పట్టియ్యి!"

సాయంత్రం సుజాత బకెట్‌లోకి తొంగిచూసింది. "అత్తా, పొద్దున వీటికి కాళ్లు లేవు. ఇప్పుడు వెనక రెండూ వచ్చినాయే! ఒక్క పూటలోనా?"

"వయసొస్తే రావా?" అన్నాను. నా ముఖమే చూస్తా ఉంది. ఇంక దాచలేక అంతా చెప్పేసినాను. "స్టవ్ మాత్రం తీసేయొద్దమ్మా" అని బతిమాలినాను.

సుజాత నవ్వి నవ్వి కింద కూర్చున్నది. "స్టవ్ నీదే అత్తా. కుంటలోకి మాత్రం ఒక్కదానివే దిగొద్దు."

తర్వాత బకెట్ మీద పిండి జల్లెడ బోర్లించి, "పిల్లి తోయకుండా అత్తా" అంటూ పైన రాయి పెట్టింది.

సుజాతా, ఇది చదివి పేర్లు సరిచూడమ్మా. బర్రెలామె మరియమ్మా, మార్తమ్మా? పిల్లి సంగతి మాత్రం నాకు బాగా గుర్తుంది. మన ఇంట్లో పిల్లి లేదు.